పరివర్తన లోహాలు, సమన్వయ సమ్మేళనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ రెండో ఏడాది, బీఎస్సీ విద్యార్థులు, ప్రాక్టికల్స్ చేయించేవాళ్లు పదేపదే అడిగేవి ఇక్కడ చేర్చాం. ముందే ఒక మాట. ఈ అధ్యాయంలో తికమక చాలావరకు "ఇది ఏ లోహం?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోవడం వల్ల వస్తుంది. ఆ తర్వాత అడగాల్సింది ఇంకోటి ఉంది: దాని చుట్టూ ఎవరున్నారు, ఎందరున్నారు?

ఫార్ములాల బదులు పేర్లు, రోమన్ అంకెల బదులు మామూలు అంకెలు వాడాం. పరీక్షలో మాత్రం ఆక్సీకరణ స్థితిని రోమన్ అంకెల్లోనే వేయండి.

డి బ్లాకులో ఉన్నవన్నీ పరివర్తన మూలకాలేనా? జింక్‌ని ఎందుకు పక్కన పెడతారు?

కాదు. పరమాణువులో గానీ, అది ఇచ్చే ధన అయాన్లలో గానీ డి ఉపస్థాయి అసంపూర్ణంగా ఉండాలి. జింక్ పరమాణువు 3డి10 4ఎస్2 (డి, ఎస్ తర్వాతి అంకె ఎలక్ట్రాన్ల సంఖ్య), జింక్ +2 అయాన్ 3డి10. రెండు చోట్లా డి నిండే ఉంది. కాడ్మియం, మెర్క్యురీలదీ అదే దారి. రాగి పరమాణువులో కూడా డి నిండి ఉంటుంది (3డి10 4ఎస్1), కానీ +2 అయాన్‌లో 3డి9 అవుతుంది కాబట్టి రాగి లోపలే. స్కాండియం +3 అయాన్‌లో డి పూర్తిగా ఖాళీ, ద్రావణానికి రంగు ఉండదు. అయినా పరమాణువులో 3డి1 ఉంది కనుక దాన్ని చేర్చుకుంటాం.

4ఎస్ ముందు నిండుతుంది కదా, అయాన్ అయ్యేటప్పుడు అదే ముందు ఎలా ఖాళీ అవుతుంది?

పొటాషియం, కాల్షియం దగ్గర 4ఎస్ శక్తి తక్కువ. స్కాండియం నుంచి కేంద్రకం ఆవేశం పెరిగేకొద్దీ 3డి కిందికి దిగుతుంది. 4ఎస్ బయటి అంచున మిగిలిపోతుంది, అందుకే ముందు అదే పోతుంది. ఐరన్ 3డి6 4ఎస్2 అయితే +2 అయాన్ 3డి6, +3 అయాన్ 3డి5.

ఇక్కడ దొరక్కుండా తప్పించుకునే తప్పు ఒకటి ఉంది. ఐరన్ +2ని పొరపాటున 3డి4 4ఎస్2 అని రాసినా ఒంటరి ఎలక్ట్రాన్లు నాలుగే వస్తాయి, అయస్కాంత భ్రామకం 4.90 బోర్ మాగ్నెటాన్లే వస్తుంది. జవాబు సరిపోయింది కదా అని తప్పు పద్ధతే అలవాటవుతుంది. ఐరన్ +3 దగ్గర బండారం బయటపడుతుంది: రావాల్సింది 5.92, ఆ పద్ధతిలో వచ్చేది 3.87. మీ పద్ధతిని ఎప్పుడూ ఐరన్ +3తో సరిచూసుకోండి.

ద్వి లవణానికీ సంశ్లిష్టానికీ తేడా ఏమిటి? రెండూ రెండు లవణాలు కలిస్తే వచ్చేవే కదా?

నీళ్లలో వేస్తే తెలుస్తుంది. పటిక, మోర్ లవణం ద్వి లవణాలు. కరిగాక వాటిలోని అయాన్లన్నీ విడిపోతాయి. మోర్ లవణం ద్రావణంలో ఐరన్ +2 పరీక్ష వస్తుంది, అమ్మోనియం పరీక్ష వస్తుంది, సల్ఫేట్ పరీక్ష వస్తుంది. పొటాషియం ఫెర్రోసయనైడ్ సంశ్లిష్టం, అది అలా కాదు. సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే మోర్ లవణం మురికి ఆకుపచ్చ అవక్షేపం ఇస్తుంది, ఫెర్రోసయనైడ్ ద్రావణం తేటగానే ఉండిపోతుంది. ఇనుము ఎక్కడికీ పోలేదు. ఆరు సయనైడ్ల మధ్య చిక్కుకుని హైడ్రాక్సైడ్‌కి అందడం లేదు, అంతే.

వెర్నర్ చెప్పిన ప్రాథమిక, ద్వితీయ వేలెన్సీలు ఎలా అర్థం చేసుకోవాలి?

నిర్వచనం బట్టీపట్టే బదులు సిల్వర్ నైట్రేట్ లెక్క చేయండి. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ ముందున్న చిక్కు ఇది: కోబాల్ట్ +3 క్లోరైడ్, అమ్మోనియా కలిసి నాలుగు రంగుల సమ్మేళనాలు ఇస్తాయి. ఆరు అమ్మోనియాలుంటే పసుపు, ఐదుంటే ఊదా, నాలుగుంటే ఒకటి ఆకుపచ్చ, ఇంకొకటి వంకాయ రంగు. నాలుగింటిలోనూ క్లోరిన్లు మూడే. కానీ సిల్వర్ నైట్రేట్ పోస్తే ఒక మోల్‌కి పసుపుది 3 మోల్‌ల సిల్వర్ క్లోరైడ్ ఇస్తుంది, ఊదాది 2, మిగతా రెండూ ఒక్కొక్కటే.

తూచి చూద్దాం. పసుపు సమ్మేళనం అణుభారం 267.5. అందులో 0.267 గ్రాములు, అంటే ఒక మిల్లీమోల్ తీసుకుంటే 0.430 గ్రాముల తెల్లటి అవక్షేపం రావాలి. ఊదా సమ్మేళనం (250.4) ఒక మిల్లీమోల్, అంటే 0.250 గ్రాములు, 0.287 గ్రాములే ఇస్తుంది. తగ్గిన ఆ మూడో క్లోరైడ్ కోబాల్ట్‌ని నేరుగా పట్టుకుని ఉంది, వెండికి దొరకదు. బయట తిరిగే క్లోరైడ్లు ఆవేశాన్ని సరిచేస్తాయి. లోపల లోహాన్ని పట్టుకున్నవి మాత్రం ఎప్పుడూ ఆరే. ప్రాథమిక వేలెన్సీ అంటే నేటి ఆక్సీకరణ స్థితి (+3), ద్వితీయ వేలెన్సీ అంటే సమన్వయ సంఖ్య (6).

ఈ ప్రయోగం చల్లటి ద్రావణంలో, త్వరగా చేయాలి. వేడి చేస్తే లోపలి క్లోరైడ్ స్థానంలో నీరు చేరుతుంది, ఆ క్లోరైడ్ బయటికొచ్చి వెండితో కలుస్తుంది, అవక్షేపం ఎక్కువ తూగుతుంది. "నాకు 2 బదులు 2.4 వచ్చింది" అనేవాళ్లు వేడి చేశారా, ద్రావణాన్ని రాత్రంతా వదిలేశారా అని చూసుకోవాలి.

వెర్నర్‌కి 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది కార్బన్ అసలే లేని ఒక కోబాల్ట్ సంశ్లిష్టాన్ని ధ్రువణ భ్రమణం చూపే రెండు రూపాలుగా విడదీశాడు. ఆ గుణం కర్బన సమ్మేళనాల సొత్తేనని అప్పటిదాకా వాదించినవాళ్లకు అదే జవాబు.

ఆక్సీకరణ స్థితి, సమన్వయ సంఖ్య లెక్కల్లో ఎక్కడ తప్పుతున్నాం?

సాధారణంగా రెండు చోట్ల. మొదటిది, తటస్థ లైగాండ్‌కి (లైగాండ్ అంటే లోహాన్ని పట్టుకున్న అణువు లేదా అయాన్) ఆవేశం అంటగట్టడం. అమ్మోనియా, నీరు, కార్బన్ మోనాక్సైడ్, ఇథిలీన్ డైఅమీన్ అన్నిటికీ సున్నా వేయాలి. పొటాషియం ఫెర్రోసయనైడ్‌లో నాలుగు పొటాషియంలు +4, కాబట్టి లోపలి అయాన్ −4, ఆరు సయనైడ్లు −6, ఇనుము +2.

రెండోది, లైగాండ్లను లెక్కపెట్టడం. లెక్కపెట్టాల్సింది లైగాండ్లను కాదు, లోహాన్ని పట్టుకున్న దాత పరమాణువులను. రెండు ఇథిలీన్ డైఅమీన్లు, రెండు క్లోరైడ్లు ఉంటే సమన్వయ సంఖ్య 4 కాదు, 6. ఇథిలీన్ డైఅమీన్ ద్విదంత లైగాండ్. రెండు నైట్రోజన్లతోనూ పట్టుకుంటుంది.

పేర్లు రాసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది?

ముందు ధన అయాన్, తర్వాత రుణ అయాన్. సంశ్లిష్టం లోపల ముందు లైగాండ్లు, ఇంగ్లీషు అక్షర క్రమంలో. డై, ట్రై, టెట్రా అన్న ఉపసర్గలను ఆ క్రమంలో లెక్కలోకి తీసుకోకూడదు. సంశ్లిష్టం రుణావేశితమైతే లోహం పేరు చివర "ఏట్" వస్తుంది: ఫెర్రేట్, కోబాల్టేట్, క్యూప్రేట్. లైగాండ్‌గా అమ్మోనియా "అమ్మైన్"; ఇంగ్లీషు స్పెల్లింగులో ఎమ్ రెండుసార్లు పడాలి. ఒక ఎమ్‌తో రాస్తే అది కర్బన అమీన్ అవుతుంది, మార్కూ పోతుంది.

మైలుతుత్తం నీలంగా ఉంటుంది, వేడిచేస్తే తెల్లబడుతుంది. రాగి అదే కదా, రంగు ఎందుకు పోయింది?

రాగి అదే. మారింది దాని చుట్టూ ఉన్నవి. మైలుతుత్తం స్ఫటికంలో ఒక్కో రాగి అయాన్ చుట్టూ నాలుగు నీటి అణువులు ఒకే తలంలో ఉంటాయి, పైనా కిందా కొంచెం దూరంగా సల్ఫేట్ ఆక్సిజన్లు. ఐదో నీటి అణువు రాగిని తాకదు. హైడ్రోజన్ బంధాలతో సల్ఫేట్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది. లైగాండ్లు దగ్గరికొచ్చినప్పుడు రాగి డి ఆర్బిటాళ్లన్నీ ఒకే శక్తితో ఉండవు, విడిపోతాయి. ఆ తేడాకి సరిపోయే కాంతిని ఎలక్ట్రాన్ మింగి పైకి ఎగురుతుంది. రాగి–నీరు విషయంలో మింగేది ఎరుపు వైపు కాంతి, కంటికి మిగిలేది నీలం. నీరు పోయాక సల్ఫేట్ ఆక్సిజన్లు మాత్రమే మిగులుతాయి. వాటి క్షేత్రం బలహీనం, తేడా తగ్గి శోషణ కంటికి కనిపించే కాంతిని దాటి పరారుణంలోకి జారుతుంది. ఒక చుక్క నీరు వేయగానే నీలం తిరిగొస్తుంది. నల్లబడిందంటే మంట ఎక్కువైపోయి కాపర్ ఆక్సైడ్ అయిందన్నమాట, ఇక నీళ్లు పోసినా నీలం రాదు.

కోబాల్ట్‌తో ఇది ఇంకా అందంగా కనిపిస్తుంది. 1 గ్రాము కోబాల్ట్ క్లోరైడ్‌ని 10 మి.లీ. నీటిలో కరిగిస్తే గులాబీ. దానికి సుమారు అంతే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా కలుపుతూ వంకాయ రంగు రాగానే ఆపండి. రెండు పరీక్షనాళికల్లో పోసి ఒకటి ఐసులో, ఒకటి వేడినీళ్లలో పెట్టండి. చల్లనిది గులాబీకి, వేడిది ముదురు నీలానికి తిరుగుతాయి. ఆరు నీళ్ల అష్టముఖి గులాబీ, నాలుగు క్లోరైడ్ల చతుర్ముఖి నీలం. నీలం వైపు చర్య వేడిని పీల్చుకుంటుంది. ఆమ్లం ఎక్కువైతే ఐసులో పెట్టినా నీలం వదలదు, అప్పుడు నాలుగైదు చుక్కల నీళ్లు కలపండి. గ్లవ్స్ తప్పనిసరి. కోబాల్ట్ క్లోరైడ్‌ని క్యాన్సర్ కారకాల్లో చేర్చాక నీలం సిలికా జెల్ స్థానంలో నారింజ రంగుది రావడం మీరూ గమనించే ఉంటారు.

పర్మాంగనేట్‌లో మాంగనీస్ +7, డి ఎలక్ట్రాన్లే లేవు. మరి అంత ముదురు రంగెలా?

అది డి–డి రంగు కాదు. ఆక్సిజన్ మీది ఎలక్ట్రాన్ మాంగనీస్ మీదికి దూకడం వల్ల వచ్చేది, ఆవేశ బదిలీ. దీని తీవ్రత చాలా ఎక్కువ, అందుకే టైట్రేషన్‌లో ఒక్క చుక్క ఎక్కువైనా గులాబీ కనిపిస్తుంది. మాంగనీస్ +2 దీనికి రివర్సు: ఐదు డి ఎలక్ట్రాన్లున్నా దాదాపు రంగు లేనట్టే ఉంటుంది. ఎలక్ట్రాన్ పైకెగరాలంటే స్పిన్ తిప్పుకోవాలి, అది అంత తేలిగ్గా జరగదు.

బలమైన లైగాండ్, బలహీన లైగాండ్ — ఎలా తేల్చాలి?

ప్రయోగాలు ఇచ్చిన వరుస ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోక తప్పదు: అయొడైడ్, బ్రోమైడ్, క్లోరైడ్, ఫ్లోరైడ్, హైడ్రాక్సైడ్, ఆక్సలేట్, నీరు, అమ్మోనియా, ఇథిలీన్ డైఅమీన్, సయనైడ్, కార్బన్ మోనాక్సైడ్. ఎడమ నుంచి కుడికి క్షేత్రం బలం పెరుగుతుంది. నీరు దాకా బలహీనం, అమ్మోనియా నుంచి బలం అని గీత గీసేస్తారు కానీ అది నమ్మదగ్గది కాదు. ఆక్సలేట్ నీటికన్నా వెనక ఉన్నా కోబాల్ట్ +3తో ట్రైఆక్సలేటో సంశ్లిష్టం డయా అయస్కాంతమే, అంటే ఒంటరి ఎలక్ట్రాన్లు లేవు. లోహం ఆవేశం పెరిగితే విభజన (డి ఆర్బిటాళ్ల మధ్య శక్తి తేడా) కూడా పెరుగుతుంది. కోబాల్ట్ +3 చాలా లైగాండ్లతో తక్కువ స్పిన్‌కే (ఎలక్ట్రాన్లు కింది స్థాయిలో జంటకట్టడానికే) మొగ్గుతుంది, ఫ్లోరైడ్ లాంటివి తప్ప.

లెక్క ఇలా చేయండి. కోబాల్ట్ +3 అంటే డి6. ఆరు ఫ్లోరైడ్లయితే పై, కింది స్థాయిలు రెండింటిలోనూ పరుచుకుని నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్లు, 4.90. ఆరు అమ్మోనియాలయితే కింది మూడు ఆర్బిటాళ్లలో మూడు జంటలు, సున్నా. ఐరన్ +3 ఆరు సయనైడ్లతో ఒక ఒంటరి ఎలక్ట్రాన్, ఒంటరి ఎలక్ట్రాన్ల స్పిన్‌ని మాత్రమే లెక్కించే సూత్రం ప్రకారం 1.73, నిజంగా కొలిస్తే 2.3 చుట్టుపక్కల వస్తుంది. ఎలక్ట్రాన్ కక్ష్యా చలనం ఇచ్చే వాటా ఆ సూత్రంలో లేదు. కొలత తప్పని కంగారు పడక్కర్లేదు.

చతుర్ముఖిలో విభజన అష్టముఖిలో ఉండేదానిలో 4/9 వంతే. అందుకే అక్కడ ఎక్కువ స్పిన్ అనుకునే మొదలుపెట్టవచ్చు.

నికెల్ +2కి నాలుగు లైగాండ్లుంటే సమతల చతురస్రమా, చతుర్ముఖియా?

నాలుగు క్లోరైడ్లయితే చతుర్ముఖి, రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు. నాలుగు సయనైడ్లయితే సమతల చతురస్రం, ఒంటరి ఎలక్ట్రాన్లు లేవు. నికెల్ పరీక్షలో అమ్మోనియా కలిపిన ద్రావణంలో డైమిథైల్ గ్లయాక్సిమ్ ఇచ్చే గులాబీ ఎరుపు అవక్షేపం కూడా సమతల చతురస్రమే. ప్లాటినం +2 అయితే ఆలోచించక్కర్లేదు, సమతల చతురస్రం.

టెట్రాఅమ్మైన్‌కాపర్(2) సల్ఫేట్ తయారీలో సరైన పొడి రావడం లేదు. ఎక్కడ పోతోంది?

ముందు కొలతలు. మెత్తగా నూరిన మైలుతుత్తం 5 గ్రాములు (0.02 మోల్). 5 మి.లీ. నీళ్లు, 10 మి.లీ. గాఢ అమ్మోనియా. దీనికి కావలసిన అమ్మోనియా 0.08 మోల్, మన దగ్గర దొరికే 25 శాతం ద్రావణం 10 మి.లీ.లో సుమారు 0.13 మోల్ ఉంటుంది కనుక చాలు. పని అంతా ఫ్యూమ్ హుడ్‌లో, కళ్లద్దాలతో. కలుపుతుంటే ముందు లేత నీలం ముద్ద వస్తుంది, ఇంకా కలిపితే అది కరిగి రాజనీలం ద్రావణం అవుతుంది. పూర్తిగా తేటపడ్డాక 10 మి.లీ. ఇథనాల్‌ని పక్క గోడ మీదుగా మెల్లగా జారనిచ్చి, మూతపెట్టి, చల్లని చోట వదలండి. వడగట్టి, కొద్దిగా అమ్మోనియా కలిపిన ఇథనాల్‌తో ఒకసారి, ఉత్త ఇథనాల్‌తో ఒకసారి కడిగి, ఫిల్టర్ కాగితాల మధ్య గాలికి ఆరనివ్వండి. సిద్ధాంతం ప్రకారం రావాల్సింది 4.92 గ్రాములు.

ఇక పోయే చోట్లు. పొడి లేత నీలంగా, సుద్దలా ఉంటే అమ్మోనియా చాలలేదు. క్షార కాపర్ సల్ఫేట్ మిగిలిపోయింది. పాత సీసా మూత తీసితీసి పలచబడిన అమ్మోనియా వాడటమే దీనికి మామూలు కారణం. నీళ్లతో కడిగితే సరుకు కరిగి ఫిల్టర్ కింద బీకరులోకి పోతుంది. ఓవెన్‌లో ఆరబెడితే అమ్మోనియా లేచిపోయి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఈ మూడోదే అందరూ చేసే తప్పు, "ఆరలేదు సార్" అని 100 డిగ్రీల ఓవెన్‌లో పెట్టేస్తారు. ఇథనాల్ ఒక్కసారిగా పోస్తే సన్నటి పొడి, నెమ్మదిగా పొరలా పోసి రాత్రంతా ఉంచితే సూదుల్లాంటి స్ఫటికాలు. రెండూ ఒకటే పదార్థం. చూపించడానికి రెండోది బాగుంటుంది.

కీలేట్ (ఒకే లైగాండ్ రెండు లేదా ఎక్కువ చోట్ల లోహాన్ని పట్టుకున్న సంశ్లిష్టం) ఎందుకంత గట్టిగా పట్టుకుంటుంది?

నికెల్ +2 చుట్టూ ఆరు అమ్మోనియాలు చేరినప్పుడు మొత్తం స్థిరత్వ స్థిరాంకం లాగరిథమ్ సుమారు 8.6. అవే ఆరు నైట్రోజన్లు మూడు ఇథిలీన్ డైఅమీన్ల రూపంలో వస్తే సుమారు 18.3. బంధాల రకం, సంఖ్య దాదాపు అవే. తేడా ఎక్కువగా ఎంట్రోపీది: మూడు అణువులు లోపలికెళ్లి ఆరు నీటి అణువులను బయటికి తరిమాయి. పైగా ఒక చివర ఊడినా రెండో చివర పట్టుకునే ఉంటుంది, ఊడినది మళ్లీ అతుక్కుంటుంది.

ఈడీటీఏతో నీటి కాఠిన్యం కట్టేటప్పుడు అంత్య బిందువు స్పష్టంగా రావడం లేదు.

కాల్షియం, మెగ్నీషియం పరివర్తన లోహాలు కావు, కానీ ఈడీటీఏ లాంటి ఆరు దంతాల (ఆరు చోట్ల పట్టుకునే) లైగాండ్ పట్టు ఇక్కడ చూసినంత బాగా ఇంకెక్కడా కనిపించదు. 0.01 మోలార్ ద్రావణానికి డైసోడియం లవణం డైహైడ్రేట్ 3.722 గ్రాములు లీటరుకి. కరగకపోతే సీసా మీద చూడండి, అది ఆమ్ల రూపం అయ్యుంటుంది, నీళ్లలో కరగదు. 50 మి.లీ. నీటికి పీహెచ్ 10 అమ్మోనియా బఫర్ 2 మి.లీ., సూచికగా ఎరియోక్రోమ్ బ్లాక్ టీ చిటికెడు. ద్రాక్ష ఎరుపు నుంచి ఊదా మీదుగా, ఎరుపు ఛాయ ఏమాత్రం లేని నీలం వచ్చేదాకా టైట్రేట్ చేయాలి. 14.6 మి.లీ. పట్టిందంటే 20తో గుణించండి: కాల్షియం కార్బనేట్ లెక్కన లీటరుకి 292 మి.గ్రా. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో 200 ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు. మన బోరు నీళ్లు చాలాచోట్ల మొదటి గీత దాటేస్తాయి.

రంగు మెల్లగా, మొద్దుగా మారుతుంటే నీటిలో మెగ్నీషియం తక్కువైంది. సూచికతో గట్టి ఎరుపు సంశ్లిష్టం ఇచ్చేది మెగ్నీషియమే; బఫర్‌లో కొద్దిగా మెగ్నీషియం–ఈడీటీఏ కలపండి. ఎరుపు అసలు పోకపోతే రాగి, ఇనుము, అల్యూమినియం లాంటివి సూచికను పట్టేసుకున్నాయి. ఇనుము, అల్యూమినియంలకు ట్రైఇథనాల్‌అమీన్ కొన్ని చుక్కలు పనిచేస్తాయి. నీలం వచ్చి మళ్లీ ఎర్రబడుతుంటే కాల్షియం కార్బనేట్ పేరుకుని నెమ్మదిగా కరుగుతోంది. బఫర్ వేశాక ఐదు నిమిషాల్లో ముగించాలి. సూచిక ద్రావణం నిలవుండదు, 1 గ్రాముని 100 గ్రాముల ఉప్పుతో నూరి పొడిగా దాచుకోండి.

వేరుశనగకి అన్నభేదితో (ఫెర్రస్ సల్ఫేట్) పాటు నిమ్మ ఉప్పు ఎందుకు కలపమంటారు?

ప్రయోగశాల బయట సమన్వయ రసాయనం చూడాలంటే ఇదే మంచి చోటు. సున్నం ఎక్కువున్న నేలల్లో లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. నేలలో ఇనుము లేక కాదు. పీహెచ్ 8 దగ్గర అది +3 హైడ్రాక్సైడ్‌గా గడ్డకట్టి వేరుకి అందదు. అందుకే ఆకుకే ఇస్తారు: లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ.

నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, ఇక్కడ రెండు పనులు చేస్తుంది. నీటిని ఆమ్లం వైపు లాగుతుంది, కీలేట్‌గా ఇనుమును పట్టుకుని అవక్షేపం కాకుండా ఆపుతుంది. వేసే వరుస ముఖ్యం: ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది. బైకార్బనేట్లున్న బోరు నీటిలో అన్నభేది ముందు వేస్తే గోధుమ రంగు తుప్పు దిగి నాజిల్ మూసుకుపోతుంది, ఇనుమంతా డ్రమ్ము అడుగునే. కలిపిన మందు ఆ రోజే వాడాలి. సీసాలోనే గోధుమ రంగుకి తిరిగిన అన్నభేది కొనొద్దు.

నేలకి వేసే కీలేట్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. ఐరన్ ఈడీటీఏ సుమారు పీహెచ్ 6.5 దాటితే నిలవదు. సున్నపు నేలలో కాల్షియం ఈడీటీఏని తనవైపు లాక్కుంటుంది. ఈడీడీహెచ్ఏ అనే ఇంకో కీలేట్ లైగాండ్ పీహెచ్ 9 దాకా ఇనుమును వదలదు, ధర మాత్రం ఎక్కువ.

సిస్, ట్రాన్స్ రూపాలు ఒకే ఫార్ములా కదా, అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. 1965లో రోజెన్‌బర్గ్ బృందం ప్లాటినం ఎలక్ట్రోడ్ల మధ్య బ్యాక్టీరియా పెంచినప్పుడు అవి విభజన చెందకుండా పొడవుగా సాగాయి. కారణం విద్యుత్తు కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి పుట్టిన ప్లాటినం సంశ్లిష్టాలు. వాటి వెంట వెళ్తే దొరికిందే సిస్‌ప్లాటిన్, 1978లో అమెరికాలో క్యాన్సర్ మందుగా అనుమతి పొందింది. రెండు క్లోరైడ్లు పక్కపక్కనే ఉంటే అవి వదిలిన చోట డీఎన్ఏలో పక్కపక్కనున్న రెండు క్షారాలను ప్లాటినం పట్టుకోగలదు. ఎదురెదురుగా ఉన్న ట్రాన్స్ రూపానికి ఆ పట్టు కుదరదు.

తయారీలో ఎటు నుంచి మొదలుపెట్టామన్నదే తేలుస్తుంది. నాలుగు క్లోరైడ్ల ప్లాటినేట్‌కి అమ్మోనియా కలిపితే సిస్. నాలుగు అమ్మోనియాల ప్లాటినంకి క్లోరైడ్ కలిపితే ట్రాన్స్. క్లోరైడ్ తనకి ఎదురుగా ఉన్న స్థానాన్ని అమ్మోనియాకన్నా ఎక్కువగా వదులు చేస్తుంది. చతుర్ముఖిలో సిస్–ట్రాన్స్ ఉండవు, ఏ రెండు మూలలు తీసుకున్నా పక్కపక్కనే.

టోలెన్స్ కారకం మిగిలింది, రేపటికి దాచుకోవచ్చా?

వద్దు. అది డైఅమ్మైన్ సిల్వర్ ద్రావణం. నిలవుంచితే, ముఖ్యంగా ఎండితే, తాకితేనే పేలే నల్లటి సిల్వర్ నైట్రైడ్ ఏర్పడుతుంది. కావలసినంతే, వాడే ముందే చేసుకోండి. మిగిలినదాన్ని వెంటనే సజల నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లంగా మార్చి, ఉప్పు ద్రావణం కలిపి సిల్వర్ క్లోరైడ్‌గా దింపి, వెండి వ్యర్థాల సీసాలో పోయండి. పరీక్షనాళికలను కూడా అప్పుడే కడగండి, సింకు పక్కన స్టాండులో వదిలేయొద్దు.